బెంగళూరు నీడలో హోస్టా ఎందుకు నిలవదు? ఆ చోట ఏం వేస్తే బాగుంటుంది?

ప్రశ్న: మేము బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటాం. 30×40 స్థలంలో రెండంతస్తుల ఇల్లు. ఇంటికి ఉత్తరం వైపు, మా గోడకూ కాంపౌండ్ గోడకూ మధ్య మూడు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు ఖాళీ నేల ఉంది. పక్కవాళ్ల కానుగ చెట్టు కొమ్మలు దాని మీదికి వాలి ఉంటాయి. అక్కడ ఏ పూలమొక్క వేసినా సన్నగా సాగి పడిపోతోంది. న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంటి వెనక చెట్ల కింద వెడల్పాటి ఆకుల హోస్టా మొక్కలు చూసి మనసు పారేసుకున్నాను. ఇక్కడికి వచ్చాక ఆన్‌లైన్‌లో దుంపలు తెప్పించి నాటాను. మొదటి ఏడాది ఆకులు బాగా వచ్చాయి. రెండో ఏడాది అరచేతంత ఆకులు వేలెడంత అయ్యాయి. ఇప్పుడు మొక్కే లేదు. నీళ్లు ఎక్కువ పోశానా? ఎరువు తక్కువైందా? అబ్బాయి వచ్చే నెల వస్తున్నాడు. నాలుగు దుంపలు తెమ్మని చెప్పనా? ఫ్రిజ్‌లో కొన్నాళ్లు పెట్టి నాటితే వస్తాయని ఒకరన్నారు, నిజమేనా? మా ఇంట్లో ఒక పిల్లి, మూడేళ్ల మనవరాలు ఉన్నారు. ఈ మూలను ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: నమస్తే అమ్మా. ముందుగా మీ మనసులోని బరువు దించేస్తాను. మీరు నీళ్లు ఎక్కువ పోయలేదు, ఎరువూ తక్కువ కాలేదు. ఆ మొక్క చలికాలం లేక పోయింది. దాన్ని మీరే కాదు, బెంగళూరులో ఎంత అనుభవం ఉన్న తోటమాలి అయినా నేలలో నాలుగేళ్లు నిలపలేరు.

హోస్టా సొంత ఊళ్లు జపాన్, కొరియా, చైనా. అక్కడి కొండవాలుల్లో, వాగుల ఒడ్డున చెట్ల నీడలో పెరుగుతుంది. అందుకే అది నీడ మొక్క అని పేరు పడింది, ఆ పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. నీడ దానికి వేసవిలో కావాలి. శీతాకాలంలో దానికి గాఢనిద్ర కావాలి. ఆకంతా రాలిపోయి, నేలలో దుంప మొగ్గలతో పడుకుని, నెలా నెలన్నర పాటు 5 డిగ్రీల దరిదాపుల్లో గానీ అంతకంటే తక్కువలో గానీ చలి తగిలితేనే ఆ మొగ్గలు వసంతంలో బలంగా విచ్చుకుంటాయి. న్యూజెర్సీలో నేల గడ్డకట్టే చలి వస్తుంది కాబట్టి మీ అబ్బాయి ఏమీ చేయకపోయినా అవి ఏటా లేచి నిలబడతాయి.

మన ఊరి సంగతి చూడండి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, చల్లని ఊరని పేరు. అయినా ఈ నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఇప్పటి జనవరి రాత్రులు మామూలుగా 15, 16 డిగ్రీల దగ్గర ఉంటాయి. మనకు స్వెట్టర్ వేసుకోవాలనిపించే ఆ చలి హోస్టాకు లెక్కలోకి రాదు. సగం ఆకులతో, నిద్రా మెలకువా కాని స్థితిలో శీతాకాలమంతా గడిపి, దుంపలో దాచుకున్న శక్తిని కాస్త కాస్తగా ఖర్చు చేసుకుంటుంది. మొదటి ఏడాది ఆకులు బాగా వచ్చాయన్నారు కదా, అది మీ చేతికి వచ్చేముందు చల్లని చోట పొందిన నిద్ర ఫలం. రెండో ఏడాదికి ఆ నిల్వ అయిపోయింది. ఆకు చిన్నదైంది, చిన్న ఆకు చేసే తిండి చాలక దుంప కుంచించుకుపోయింది. మీరు రాసిన వరుస సరిగ్గా అదే.

ఫ్రిజ్ మాట అబద్ధం కాదు. నవంబరులో దుంప తవ్వి, మట్టి దులిపి, కొద్దిపాటి తేమ ఉన్న కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొడిలో చుట్టి, కూరల అరలో ఏడెనిమిది వారాలు ఉంచి జనవరి చివర నాటితే మొలిచే అవకాశం ఉంది. పక్కన ఆపిల్ పండ్లు ఉండకూడదు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు మొగ్గను పాడుచేస్తుంది. తేమ ఎక్కువైతే బూజు పడుతుంది, తక్కువైతే దుంప ఎండిపోతుంది. ఇంత చేసి బయటికి తీస్తే ఎదురుగా మార్చి, ఏప్రిల్ ఎండలు. ఒక కుండీలో సరదాకు చేయాలనుకుంటే నేను కాదనను. ఇరవై అడుగుల మడికి మాత్రం దాని మీద ఆధారపడకండి.

అబ్బాయి చేత తెప్పించడం మానేయండి. విదేశాల నుంచి మొక్కలు, దుంపలు, విత్తనాలు తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం ముందే దిగుమతి అనుమతి తీసుకోవాలి, మొక్కకు తెగుళ్లు, పురుగులు లేవని ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తేవడం చట్టవిరుద్ధం. ఒక దుంపకు అంటుకున్న మట్టితో ఇక్కడ లేని తెగులో, నులిపురుగో దిగితే నష్టపోయేది మన రైతులు. ఇంకో మాట కూడా. గులాబీ, ఇంద్రధనుస్సు రంగుల ఆకుల ఫోటోలతో హోస్టా విత్తనాలని అమ్మేవి కొనవద్దు. హోస్టాలో అలాంటి రంగులే లేవు. ఉన్న రెండు రంగుల చారల రకాలు కూడా విత్తనంతో నమ్మకంగా రావు, దుంప విడదీసి నాటితేనే వస్తాయి.

ఇక మీ స్థలం గురించి. మీ ఉత్తరం వైపు నేల మీరనుకుంటున్నట్టు ఏడాది పొడవునా నీడలో ఉండదు. అమెరికా, ఇంగ్లండ్ తోటల పుస్తకాల్లో ఉత్తరపు గోడ అంటే శాశ్వత నీడ. మనం 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. ఏప్రిల్ 24, 25 తేదీల్లోనూ, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు బెంగళూరుకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య నాలుగు నెలలు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. అంటే మీ ఇల్లు ఆ నేలకు అడ్డు నిలవదు. కాంపౌండ్ గోడ అయిదు అడుగులు ఉందనుకున్నా, జూన్ నడిమి మధ్యాహ్నం దాని నీడ అడుగు లోపే పడుతుంది.

జూన్, జులైల్లో మబ్బులు ఉంటాయి కాబట్టి ఇబ్బంది తక్కువ. గండం ఏప్రిల్ చివరి నుంచి మే నెలాఖరు దాకా. నగరంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 39.2 డిగ్రీలు, 2016 ఏప్రిల్ 24న. ఆరు నెలలు హాయిగా నీడలో పెరిగిన లేత ఆకు మీద ఆ ఎండ ఒక్కసారిగా పడితే రెండు రోజుల్లో కాగితంలా మాడుతుంది. మిమ్మల్ని కాపాడేది ఆ కానుగ చెట్టు. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాల్చినా ఏప్రిల్‌కల్లా కొత్త చిగురుతో నిండుతుంది. పక్కవాళ్లతో మాట్లాడి, కొమ్మలు కొట్టించాలనుకుంటే వానలు పడ్డాక కొట్టించమని అడగండి. కొమ్మలు వాలని భాగం మీద ఆ అయిదారు వారాలు యాభై శాతం షేడ్ నెట్ కట్టండి. ఈ సంవత్సరం మొక్కలు కొనేముందు ఒక్క పని చేయండి. ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం గంట గంటకూ వెళ్లి ఎండ ఎక్కడ పడుతోందో గోడ మీద సుద్దముక్కతో గీత గీయండి. ఆ గీతలే మీ మడికి ప్లాన్.

హోస్టాలో మీకు నచ్చింది ఏమిటో నాకు అర్థమైంది. నేలను కప్పేసే వెడల్పాటి ఆకు, దాని మీది గీతలు, ఏటా కనుమరుగై మళ్లీ పుట్టుకొచ్చే తీరు. ఈ మూడూ ఉన్న మొక్క మన వాతావరణానికీ ఉంది. అది నిద్రపోతుంది, కానీ చలికి కాదు, ఎండుదనానికి.

పసుపు పండించేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. జనవరి, ఫిబ్రవరికి ఆకు పండి ఎండిపోతుంది, నేలలో దుంప మాత్రం బతికే ఉంటుంది, తవ్వకుండా వదిలేస్తే తొలకరికి మళ్లీ మొలుస్తుంది. ఆ అల్లం, పసుపు, కచ్చూరాల కుటుంబంలోనే కెంఫేరియా అనే జాతి ఉంది. నర్సరీల్లో పీకాక్ జింజర్ అంటారు. జానెడు ఎత్తు కూడా పెరగదు, ఆకులు నేలకు ఆనుకుని పరుచుకుంటాయి. ముదురాకుపచ్చ, రాగి రంగుల మీద వెండి రంగు మచ్చలు నెమలి పింఛంలా ఉంటాయి. వానాకాలమంతా పొద్దున్నే ఆకుల మధ్య చిన్న ఊదారంగు పూలు విచ్చుకుంటాయి. చలి తక్కువగా ఉండే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో హోస్టా సరిగా రాని తోటల్లో దీన్నే వేసుకుంటారు, దక్షిణాది హోస్టా అనే పిలుస్తారు. మీరు వెతుకుతున్న మొక్క ఇదే అని నా గట్టి నమ్మకం.

దీని సోదరి భూచంపకం, కెంఫేరియా రొటుండా. ఆకు ఇంకా లేవకముందే, ఎండాకాలంలో వట్టి నేలలోంచి సువాసన ఉన్న తెలుపూ ఊదా కలిసిన పూలు వస్తాయి. ఆ తర్వాత నిటారుగా, పొడుగ్గా ఆకులు. రెండూ కలిపి వేయండి, ఒకటి పరుచుకుంటుంది, ఒకటి నిలబడుతుంది.

ఈ జాతిని నేను ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం నీళ్లు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి నగరం ఎంత అల్లాడిందో మీకు గుర్తుండే ఉంటుంది. తాగునీటితో మొక్కలు తడిపినా, కార్లు కడిగినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి అప్పుడు ఆదేశం ఇచ్చింది. హోస్టా అయితే సరిగ్గా ఆ నెలల్లోనే రోజూ తేమ అడుగుతుంది. కెంఫేరియా డిసెంబరుకల్లా ఆకు రాల్చి, జనవరి నుంచి వేసవి వానలదాకా నేలలో నిద్రపోతుంది. ఆ నాలుగు నెలలు దానికి నీళ్లు పోయకూడదు కూడా, పోస్తే దుంప కుళ్లుతుంది. ఊరికి నీళ్లు లేని కాలంలో నీళ్లు అడగని తోట కంటే బెంగళూరుకు తగింది ఇంకేం ఉంటుంది?

మరి ఆ నెలల్లో మడి ఖాళీగా కనిపించదా అంటే, కనిపిస్తుంది. అందుకని వెనక వరుసలో ఎప్పుడూ ఆకు ఉండేది ఒకటి కావాలి. దానికి యాస్పిడిస్ట్రా. ఇదీ జపాన్ వైపు మొక్కే, హోస్టా కుటుంబానిదే, కానీ చలినిద్ర అడగదు. రెండు రెండున్నర అడుగుల ఎత్తున ముదురాకుపచ్చ ఆకులు నేలలోంచి నేరుగా లేస్తాయి. చీకటి మూల, దుమ్ము, ఒక వారం నీళ్లు మరిచిపోవడం, అన్నీ ఓర్చుకుంటుంది. క్యాస్ట్ ఐరన్ ప్లాంట్ అని దానికి ఊరికే పేరు రాలేదు. ఒక్కటే లోపం, చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అందుకని చిన్న మొక్కలు పది కొనేకంటే, గుబురుగా ఉన్న పెద్ద కుండీలు నాలుగు కొని నాటండి. నేరుగా ఎండ పడితే ఆకు తెల్లబోతుంది, సుద్దగీత దాటి పెట్టకండి.

చెట్టు వేర్లు ఎక్కువగా ఉన్న వైపు నెఫ్రోలెపిస్ ఫెర్న్ వేసుకోవచ్చు. అయితే అది పాకుడు వేర్లతో రెండేళ్లలో మడి మొత్తాన్ని ఆక్రమిస్తుంది. అడుగు భాగం కోసేసిన ప్లాస్టిక్ కుండీలో నాటి, అంచు అంగుళం పైకి ఉండేలా ఆ కుండీనే నేలలో పాతేయండి.

కెలాడియం చాలామంది చెప్తారు. ఎరుపు, తెలుపు, గులాబీ రంగుల్లో నిజంగా అందమైన ఆకు, మన వానాకాలంలో బాగా వస్తుంది కూడా. కానీ మూడేళ్ల పాప, పిల్లి ఉన్న మీ ఇంటికి నేను వద్దంటాను. అది చేమ కుటుంబం. సరిగా ఉడకని చేమదుంప, కంద నోరు దురదపెట్టడానికి కారణమైన సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు దాని ఆకుల్లోనూ ఉంటాయి. పాప నమిలితే నోరు, గొంతు వాచిపోతాయి. డైఫెన్‌బేకియా, అగ్లోనిమా, పీస్ లిల్లీ, అలొకేసియా అన్నీ ఈ కుటుంబమే. బిగోనియాలకు మన ఊరి గాలి చాలా నచ్చుతుంది, కానీ అవీ పిల్లులకు పడవు. వాటిని పాప పెద్దయ్యాక ఆలోచిద్దాం. యాస్పిడిస్ట్రా, నెఫ్రోలెపిస్ ఫెర్న్ పిల్లులకు హాని చేయవు. కెంఫేరియా చేమ జాతి కాదు, అల్లం జాతి. అయినా ఏ ఆకూ నోట్లో పెట్టుకోవద్దని పాపకు చెప్పడం మానకండి. అన్నట్టు హోస్టా కూడా పిల్లులకు, కుక్కలకు పడదు, వాంతులు, విరేచనాలు అవుతాయి. ఆ లెక్కన అది నిలవకపోవడం ఒకందుకు మంచిదే.

మడి తయారీకి ఇదే మంచి సమయం, ఫిబ్రవరి. ఇంటి గోడ వెంట ఒక అడుగు దారి వదిలేయండి. మట్టి గోడకు ఆనితే లోపల చెమ్మ దిగుతుంది, డ్రైనేజీ చాంబర్ మూత తీయడానికి మనిషి నిలబడే చోటూ కావాలి. కాంపౌండ్ వైపు రెండు అడుగుల్లోనే మొక్కలు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు, ఇటుక ముక్కలు సాధారణంగా ఇలాంటి పక్క సందుల్లోనే పూడ్చేస్తారు. ఒక చోట తవ్వి చూడండి. తెల్లటి సిమెంటు పెళ్లలు కనిపిస్తే తీసేయించాల్సిందే. సిమెంటు వల్ల మట్టి సున్నపు గుణం పట్టి, ఎంత ఎరువు వేసినా ఆకు పసుపు పచ్చగానే ఉంటుంది.

కానుగ లావు వేర్లు తగిలిన చోట నరకవద్దు. చెట్టు బలహీనపడితే మీ నీడే పోతుంది. వేర్ల మధ్య సందుల్లో తొమ్మిది అంగుళాల లోతు వదులు చేస్తే చాలు, కెంఫేరియా వేర్లు లోతుకు వెళ్లవు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, ఒక పాలు నీళ్లలో నానబెట్టి పిండిన కోకోపీట్, అందులో గుప్పెడు వేపపిండి, కొంచెం ముతక ఇసుక. వాన నీళ్లు అరగంటకు మించి నిలవకూడదు. నిలిస్తే మడిని నాలుగు అంగుళాలు ఎత్తు చేయండి. రాలిన కానుగ ఆకును ఊడ్చి బయట పారేయకండి. రెండు అంగుళాల మందాన మడి మీదే పరవండి, మట్టిలో తేమ నిలుస్తుంది, కుళ్లాక ఎరువు అవుతుంది.

యాస్పిడిస్ట్రా, ఫెర్న్‌లను జూన్‌లో వాన పట్టాక నాటండి. కెంఫేరియా దుంపలు మే నెలలో మొదటి గట్టి వాన తర్వాత, రెండు అంగుళాల లోతున, జానెడు దూరంలో. మొలక రావడానికి నెల పట్టవచ్చు. రాలేదని తవ్వి చూస్తే లేత మొగ్గ విరుగుతుంది. దుంపలు పెట్టిన చోట్ల చిన్న పుల్లలు గుచ్చి ఉంచండి, నిద్రపోయే నెలల్లో పనిమనిషి అక్కడ ఖాళీ అనుకుని ఇంకేదో నాటకుండా ఉంటుంది. చెన్నైలో ఉండి ఇది చదివేవాళ్లకు ఒక మాట. ఎండ లెక్క మీకూ ఇదే, అక్షాంశం ఒకటే. కానీ అక్కడి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, ఆకు రాల్చే వేళకు మట్టి తడిగా ఉంటుంది. దుంపలు కుండీల్లో పెంచి, ఆకు పండగానే వాన పడని చోటికి జరుపుకోండి.

నీళ్లు పోసేటప్పుడు బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు నిస్సంకోచంగా వాడండి. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, అందులో లవణాలు చిక్కగా ఉంటాయి. నెలల తరబడి గట్టి బోరు నీళ్లు పోస్తే ఫెర్న్ ఆకు చివర్లు మాడతాయి. వాన పడినప్పుడు ఒక డ్రమ్ము నింపుకుంటే నెలకోసారి మడిని దానితో బాగా తడపవచ్చు.

మీకు ఎదురయ్యే అసలు శత్రువు నత్తలు. మన ఊళ్లో వానాకాలంలో కనిపించే ఆ పిడికెడంత గోధుమరంగు ఆఫ్రికా నత్త ఒక్క రాత్రిలో లేత ఆకులన్నీ నమిలేస్తుంది. సాయంత్రం తడిపిన గోనెసంచి మడి పక్కన పరచి, దాని కింద రెండు క్యాబేజీ ఆకులో బొప్పాయి ఆకులో పెట్టండి. తెల్లవారేసరికి నత్తలు దాని కిందే చేరతాయి. గ్లవ్స్ వేసుకుని ఏరి ఉప్పునీళ్ల బకెట్‌లో వేయండి. వట్టి చేత్తో ముట్టుకోవద్దు, పాపను అసలే దగ్గరికి రానివ్వద్దు. మెదడు పొరలకు జబ్బు తెచ్చే ఒక నులిపురుగు ఈ నత్తల్లో ఉండవచ్చు. మట్టి మీద ఉప్పు చల్లకండి, మొక్క చస్తుంది. నత్తల మందు గుళికలు మీ ఇంట్లో పిల్లి ఉంది కాబట్టి వాడవద్దు.

మొక్కలకు లాల్‌బాగ్ దగ్గర సిద్ధాపుర నర్సరీల్లో ముందు చూడండి. ఫెర్న్ తేలిగ్గా దొరుకుతుంది, యాస్పిడిస్ట్రాకు రెండు మూడు చోట్ల అడగాలి. కెంఫేరియా అన్ని చోట్లా ఉండదు. మే, జూన్‌లో ఆకు ఉన్నప్పుడు వెళ్తేనే కనిపిస్తుంది, శీతాకాలంలో అడిగితే లేదంటారు. మన కడియం వైపు బంధువులు ఎవరైనా ఉంటే వాళ్లచేత అక్కడి నర్సరీల్లో అడిగించండి. దుంపలే కొంటుంటే వేలితో నొక్కి చూడండి. గట్టిగా, అల్లం కొమ్ములా బరువుగా ఉండాలి. ఒక పక్క మెత్తబడినా, పుల్లటి వాసన వచ్చినా ఎంత తక్కువ ధరకిచ్చినా వద్దనండి. పన్నెండు, పదిహేను దుంపలతో మొదలుపెడితే చాలు. మూడో వానాకాలానికి ఒక్కో దుంప గుబురుగా మారుతుంది, అప్పుడు మే నెలలో, మొలకకు ముందు తవ్వి విడదీసి మిగతా మడి నింపుకోవచ్చు.